అదురు ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లకు పని ఉంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ ఒకే దారి కలుపుతుంది, జాతీయ రహదారి 42. అనంతపురం, కదిరి మీదుగా మదనపల్లెకు వచ్చి, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి కృష్ణగిరిలో ముగుస్తుంది. ఆ దారి చుట్టుపక్కల బండ్ల పరిశ్రమ ఎక్కడెక్కడ ఉందో ఒకసారి చూసుకోండి. కదిరి నుంచి పడమటికి తిరిగితే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో సెల్టోస్‌తో మొదలైంది, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సత్తా ఉన్నది. కృష్ణగిరి నుంచి బెంగళూరు దిక్కుగా పోతే హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్. తూర్పున శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు. అక్కడ మెర్సిడెస్-బెంజ్ పరిశోధన కేంద్రం మొదలుకొని కార్ల కంపెనీలకు పనులు చేసిపెట్టే ఇంజనీరింగ్ సర్వీసు కంపెనీల దాకా ఎన్నో ఉన్నాయి. హైదరాబాదులో హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం, మద్రాసు శివార్లలో మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ, రెనో-నిస్సాన్ టెక్నాలజీ కేంద్రం.

వీటి మధ్యలో అంగళ్లులో మిట్స్, కుప్పంలో ఇంజనీరింగ్ కాలేజీ, చుట్టూ పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు. ఏటా మెకానికల్ పిల్లలు బయటికి వస్తారు. వాళ్లలో చాలామంది "మెకానికల్‌తో లాభం లేదు" అనే మాట విని, చదివింది పక్కన పెట్టి కోడింగ్ కోచింగ్‌లో చేరుతున్నారు. ఇష్టపడి వెళ్లేవాళ్లను ఆపమని నేను అనను. కానీ బండి అంటే ప్రాణం పెట్టేవాళ్లు, ఇంజిన్ శబ్దం విని లోపం పసిగట్టే చెవి ఉన్నవాళ్లు కూడా ఆ దారే పడుతుంటే బాధగా ఉంటుంది. అలాంటి చెవికి సరిగ్గా తగిన ఉద్యోగం ఒకటుంది. కారు బాడీ ఎంత గట్టిగా ఉందో లెక్కగట్టి, లోపలికొచ్చే మోతనూ అదురునూ తగ్గించడం ఆ పని. పరిశ్రమలో దాన్ని ఎన్‌వీహెచ్ అంటారు: నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్. కంప్యూటర్ మీద చేసే భాగాన్ని సీఏఈ అంటారు. దాని సంగతీ, అందులోకి వెళ్లే దారీ చెబుతాను. షెడ్డులో పనిచేసే మెకానిక్‌లకూ, టింకరింగ్, బాడీ బిల్డింగ్ చేసేవాళ్లకూ పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

కారు కొనేవాళ్లు టార్షనల్ స్టిఫ్‌నెస్ ఎంత అని అడగరు. గుంతలో పడినప్పుడు డ్యాష్‌బోర్డు కిర్రుమంటే, ఏసీ వేయగానే స్టీరింగ్ వణికితే, ఒక వేగం దగ్గర చెవుల్లో గుమ్మని మోత పుడితే "బండి బాగాలేదు" అంటారు. ఈ మూడింటి వెనకా చాలాసార్లు బాడీ స్టిఫ్‌నెస్సే ఉంటుంది. కాబట్టి మొదట అదేమిటో కాగితం మీద తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ తరవాత.

ఇంజిన్, తలుపులు, సీట్లు ఏవీ పెట్టకముందు రేకులన్నీ స్పాట్ వెల్డింగ్‌తో కలిపిన ఒట్టి గూడును బాడీ ఇన్ వైట్ అంటారు. చిన్న కారులోనైనా స్పాట్లు వేలల్లో ఉంటాయి. రేకు మందం చాలాచోట్ల 0.6 నుంచి 2 మిల్లీమీటర్ల లోపే. ఈ గూడును మెలితిప్పితే ఎంత తిరుగుతుందన్నది టార్షనల్ స్టిఫ్‌నెస్. వెనక షాక్ అబ్జార్బర్లు కూర్చునే రెండు చోట్లా బిగించేస్తారు. ముందు రెండు చోట్ల ఒక పక్క పైకీ, ఇంకో పక్క కిందికీ తోస్తారు. ముందు రెండింటి మధ్య దూరం 1 మీటరు అనుకుందాం. ఒక పక్క 1000 న్యూటన్లు పైకి, రెండో పక్క అంతే కిందికి. మెలి 1000 న్యూటన్ మీటర్లు అయింది. ఒక పక్క అర మిల్లీమీటరు లేచి, రెండో పక్క అర మిల్లీమీటరు దిగిందంటే తేడా 1 మిల్లీమీటరు. దాన్ని 1000 మిల్లీమీటర్లతో భాగిస్తే 0.001 రేడియన్, అంటే 0.0573 డిగ్రీ. 1000ని 0.0573తో భాగించండి. డిగ్రీకి దాదాపు 17,450 న్యూటన్ మీటర్లు. నేటి మామూలు కార్లు చాలావరకు 15,000 నుంచి 25,000 మధ్య ఉంటాయి. ఖరీదైనవి 30,000 దాటుతాయి. పాతకాలపు డిజైన్లు 10,000 లోపే ఉండేవి.

ఈ లెక్క పదో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. అయినా దీన్ని కాగితం మీద చేసి చూపించమంటే తడబడే అభ్యర్థులు ఇంటర్వ్యూల్లో కొల్లలు. సాఫ్ట్‌వేర్ 1.7 తర్వాత ఎన్నో సున్నాలు వేసి జవాబిచ్చినప్పుడు అది నమ్మదగిందా కాదా అని ఒక్క క్షణంలో పసిగట్టేది ఈ చేతిలెక్క తెలిసినవాళ్లే.

ఇక అదురు సంగతి. ఏ వస్తువుకైనా తనంతట తాను ఊగే ఒక లయ ఉంటుంది, దాన్ని సహజ పౌనఃపున్యం అని పుస్తకాల్లో చదివాం. స్టిఫ్‌నెస్‌ను బరువుతో (ద్రవ్యరాశితో) భాగించి, దాని వర్గమూలం తీసి, రెండు పైలతో భాగిస్తే అది వస్తుంది. బయటి నుంచి వచ్చే తోపు కూడా అదే లయలో ఉంటే చిన్న అదురు పెద్దదవుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఐడ్లింగులో నిమిషానికి 750 చుట్లు తిరుగుతోందనుకోండి. చుట్టుకు రెండు సార్లు మంట రేగుతుంది కాబట్టి సెకనుకు 25 తోపులు, అంటే 25 హెర్ట్జ్. ఏసీ వేస్తే ఐడ్లింగ్ 850కి పెరిగిందనుకోండి, 28.3 హెర్ట్జ్. మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే చుట్టుకు ఒకటిన్నర, 900 చుట్ల దగ్గర 22.5. సీట్లు, తలుపులు, అద్దాలు అన్నీ పెట్టిన బాడీ మొత్తంగా మెలితిరిగే, వంగే లయలు కూడా చాలా కార్లలో పాతిక, ముప్పై హెర్ట్జ్ చుట్టూనే ఉంటాయి. ఏసీ వేయగానే స్టీరింగ్ దడదడలాడటానికి అసలు కారణం ఈ దగ్గరితనమే. ఎన్‌వీహెచ్ ఇంజనీరు మొదటి పని ఒక పట్టిక వేసుకోవడం. చక్రాలు, సస్పెన్షన్, ఇంజిన్ మౌంటింగులు, స్టీరింగ్ కాలమ్, బాడీ, లోపలి గాలి, ఒక్కొక్కటీ ఏ లయలో ఊగుతుందో రాసుకుని, ఏ రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడం చూడటం.

ఇక్కడ ఖర్చు తెలియాలి. బాడీ లయను 26 హెర్ట్జ్ నుంచి 30కి జరపమని మేనేజర్ అడిగాడనుకోండి. నాలుగు హెర్ట్జే కదా అనిపిస్తుంది. 30ని 26తో భాగించి వర్గం చేస్తే 1.33. అంటే బరువు పెరగకుండా స్టిఫ్‌నెస్ మూడోవంతు పెరగాలి. దుకాణంలో కొనుక్కుని తెచ్చేది కాదది. ఎక్కడ బలహీనంగా ఉందో కనిపెట్టి, ఆ చోటునే బాగుచేస్తే తప్ప కుదరదు.

లోపలి గాలి గురించి ఒక లెక్క చెప్పకుండా ఉండలేను, ఇది నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. కారు లోపలి పొడవు 2.5 మీటర్లనుకుందాం. శబ్దవేగం సెకనుకు 340 మీటర్లు. 340ని పొడవుకు రెట్టింపైన 5తో భాగిస్తే 68. సీట్ల వల్ల కొంత మారినా, ఆ చుట్టుపక్కల లోపలి గాలి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 68 హెర్ట్జ్ తోపు ఇచ్చేది 2040 చుట్ల దగ్గర. పైకప్పు రేకో, వెనక తలుపో కూడా అదే లయలో ఊగిందంటే రెండు వేల చుట్లకు కాస్త అటూ ఇటూగా చెవులు దిబ్బడ వేసినట్టు మోత వస్తుంది. యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కితే పోతుంది, తగ్గిస్తే పోతుంది. డ్రైవరన్నలు దీన్ని లెక్క లేకుండానే కనిపెట్టి, ఆ వేగం దగ్గర ఆగకుండా దాటించేస్తారు.

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది బోర్లాపడే ప్రశ్న. "స్టిఫ్‌నెస్ చాలడం లేదు, మామూలు ఉక్కు తీసి హై స్ట్రెంగ్త్ ఉక్కు వేద్దామా?" వేసినా ప్రయోజనం లేదు. బలం వేరు, స్టిఫ్‌నెస్ వేరు. ఏ ఉక్కు తీసుకున్నా యంగ్స్ మాడ్యులస్ దాదాపు 210 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. హై స్ట్రెంగ్త్ ఉక్కు ప్రమాదంలో తెగకుండా, శాశ్వతంగా వంగిపోకుండా ఎక్కువ తాకిడికి నిలబడుతుంది. మామూలు బరువుకు మాత్రం అంతే వంగుతుంది. పైగా బలం ఎక్కువ ఉంది కదా అని మందం తగ్గిస్తే స్టిఫ్‌నెస్ పడిపోతుంది. బరువు తగ్గించే తొందరలో ఎన్‌వీహెచ్ దెబ్బతినేది ఇక్కడే. చదునైన రేకు వంపును ఆపే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. 0.7 మిల్లీమీటర్లను 0.8 చేస్తే బరువు 14 శాతం పెరుగుతుంది, వంపుకు ఎదురునిలిచే శక్తి 49 శాతం పెరుగుతుంది. మందం పెంచకుండా రేకులో గీతల్లా ఉబ్బులు నొక్కినా అలాంటి లాభమే వస్తుంది, అందుకే కారు కింద ఫ్లోరు రేకు ఎక్కడా చదునుగా ఉండదు.

ఆకారం మీద ఇంకా పెద్ద పాఠం ఉంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న గొట్టాన్ని పొడవునా ఒక్క కోత కోయండి. ఇనుము ఏమీ పోలేదు, బరువు అంతే. కానీ మెలికి ఎదురుతిరిగే శక్తి 1800 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. చెప్పుల డబ్బా మూత తీసి రెండు చివర్లు పట్టుకుని తిప్పి చూడండి, తర్వాత మూత పెట్టి చుట్టూ టేపు వేసి తిప్పండి. కారులో సిల్, పిల్లర్లు, పైకప్పు అంచులు అన్నీ రెండు రేకులు కలిపి మూసిన గొట్టాలే. ఆ అతుకులు వదులైనా, స్పాట్లు దూరదూరంగా పడినా గొట్టం సగం తెరుచుకున్నట్టే. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక తలుపు కోసం వదిలిన పెద్ద ఖాళీ, పైకప్పులో పెట్టే పెద్ద సన్‌రూఫ్ కూడా ఇదే కారణంగా ఇంజనీర్లకు తలనొప్పి. అంటించిన ముందు అద్దం మాత్రం కొంత స్టిఫ్‌నెస్ తిరిగి ఇస్తుంది.

బాడీ మొత్తం గట్టిగా ఉన్నా ఒక్క చోట మెత్తగా ఉంటే పని చెడుతుంది. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు, సస్పెన్షన్ బుష్ బిగించిన చోటి సంగతి చూడండి. రబ్బరు వంగి అదురును మింగాలి, బాడీ కదలకుండా నిలవాలి. రబ్బరు స్టిఫ్‌నెస్ మిల్లీమీటరుకు 300 న్యూటన్లయితే, దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు, రేకు కలిపి కనీసం 1500, వీలైతే 3000 ఉండాలి. ఐదు నుంచి పది రెట్లు అన్నది పరిశ్రమలో నడిచే కొలమానం. ఆ నిష్పత్తి తప్పితే రబ్బరు వంగాల్సిన చోట రేకే వంగుతుంది, ఆ రేకు స్పీకరులా మోగుతుంది. దీన్ని నేరుగా కొలుస్తారు. ఆ చోట చిన్న సెన్సరు అంటించి, తోపు కొలిచే సుత్తితో ఒక దెబ్బ కొట్టి, ఎంత తోస్తే ఎంత ఊగిందో ప్రతి హెర్ట్జ్ దగ్గరా చూస్తారు. కంప్యూటర్‌లో కూడా ఇదే లెక్క చేస్తారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్న రోజు ఆ ఇంజనీరుకు పండగే.

ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక ఈ పని తగ్గుతుందా అని అడుగుతారు. నా లెక్కలో పెరుగుతుంది. ఇంజిన్ మోత ఇన్నాళ్లూ చిన్న చిన్న చప్పుళ్లను కప్పిపుచ్చింది. అది పోయాక టైరు మోత, గాలి మోత, మోటారు సన్నని కూత, ప్లాస్టిక్ కిర్రుకిర్రు అన్నీ బయటపడ్డాయి. బ్యాటరీ పెట్టె ఫ్లోరుకు స్టిఫ్‌నెస్ ఇస్తుంది, దానితోపాటు వందల కిలోల బరువునూ తెస్తుంది. ఆ రెంటి మధ్య సమతూకం చూసే మనిషి కావాలి. పుంగనూరు దగ్గర ఎలక్ట్రిక్ బస్సుల ఫ్యాక్టరీ పెడతామని జర్మనీ కంపెనీ పెప్పర్ మోషన్ 2023లో ప్రకటించింది. అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చిలో కృష్ణా జిల్లా మల్లవల్లిలో ప్రారంభమైంది. ఊరి పక్కన గేటు తెరుచుకునేదాకా ఆగి చదవడం మొదలుపెట్టవద్దు. బస్సు బాడీ స్టిఫ్‌నెస్ నేర్చినవాళ్లకు హోసూరైనా ఒకటే, మల్లవల్లైనా ఒకటే.

నేర్చుకోవడం ఎలా అంటే, మొదట మీ రెండో ఏడాది పుస్తకం స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ బయటికి తీయండి. దూలం వంపు, గొట్టం మెలి, ఈ రెండు అధ్యాయాలు చాలు. తర్వాత మెకానికల్ వైబ్రేషన్స్. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి, చిన్న రుసుముతో పరీక్ష రాస్తే సర్టిఫికెట్టూ వస్తుంది. ఆ తర్వాత ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. పెద్ద ఆకారాన్ని చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి స్టిఫ్‌నెస్ లెక్క రాసి, అన్నీ కలిపి సాధించడం అందులోని సారం. ఈ లెక్కల్లో పేరుమోసిన సాల్వర్ నాస్ట్రాన్ 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం పుట్టింది. రాకెట్టు అదురును లెక్కగట్టిన ఆ పద్ధతే నేడు కారు ఫ్లోరునూ లెక్కగడుతోంది.

పరిశ్రమలో గళ్లు వేయడానికి, అంటే మెషింగ్‌కు, హైపర్‌మెష్, ఆన్సా; సాధించడానికి నాస్ట్రాన్, ఆప్టిస్ట్రక్ట్ ఎక్కువగా వాడతారు. వీటి పూర్తి లైసెన్సులు వ్యక్తులు కొనలేనంత ఖరీదు. పగలగొట్టిన కాపీల జోలికి పోవద్దు, చట్టరీత్యా తప్పే కాక వైరస్‌ల బెడద. ఆల్టెయిర్, ఆన్సిస్ సంస్థలు విద్యార్థులకు ఉచిత ఎడిషన్లు ఇస్తాయి. విద్యార్థి దశ దాటినవాళ్లకు ప్రీపోమ్యాక్స్, కాలిక్యులిక్స్ ఉచితం. సాల్వర్ పేరు కంటే అందులో మీరు ఏం చేశారన్నదే అడుగుతారు.

చిన్నదాంతో మొదలుపెట్టండి. అర మీటరు పొడవు ఇనుప పట్టీని ఒక చివర బిగించి, దాని లయ ఎంతో చేతితో లెక్కించి, సాఫ్ట్‌వేర్ జవాబుతో పోల్చండి. తేడా ఐదు శాతం దాటితే ముందుకు పోవద్దు, కారణం వెతకండి. చాలాసార్లు యూనిట్ల దగ్గర దొరుకుతుంది. మిల్లీమీటర్లలో నమూనా గీసి, ఉక్కు సాంద్రత 7850 అని ఇచ్చేస్తారు. మిల్లీమీటరు, టన్ను, సెకను పద్ధతిలో అది 7.85ను పది పవర్ మైనస్ 9తో గుణించినది. ఆ ఒక్క అంకె తప్పితే లయలన్నీ అర్థంలేనివవుతాయి. పట్టీ అయ్యాక మూసిన గొట్టం, కోసిన గొట్టం చేసి ఆ 1800 రెట్ల తేడా మీ స్క్రీన్ మీద మీరే చూడండి. తర్వాత పూర్తి కారు. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010 టయోటా యారిస్ వంటి కార్ల పూర్తి నమూనాలను అందరికీ అందుబాటులో ఉంచారు. అవి ప్రమాద పరీక్షల కోసం చేసినవి. అందులోంచి బాడీ ఇన్ వైట్ విడదీసి, టార్షనల్ స్టిఫ్‌నెస్ తీసి, మొదటి పది లయలు (మోడ్స్) చూపించి, ఒక మెత్తని చోటు కనిపెట్టి, అక్కడ మార్పు చేసి, ముందూ తర్వాతా ఎంతెంతో, బరువు ఎంత పెరిగిందో రాయండి. పది పేజీల ఆ రిపోర్టు ఒక్కటి మీ చేతిలో ఉంటే రెజ్యూమేలో పదిహేను సాఫ్ట్‌వేర్ల పేర్లు అక్కర్లేదు.

బాడీని ఎక్కడా బిగించకుండా లయలు లెక్కిస్తే మొదటి ఆరూ దాదాపు సున్నా రావాలి. మూడు దిక్కుల్లో జరగడం, మూడు విధాల తిరగడం, అంతే. ఏడో సున్నా కనిపించిందంటే ఏదో రేకు అతుక్కోలేదు, ఎక్కడో స్పాట్లు తప్పిపోయాయి. నలుగురూ జవాబు చూసి సంబరపడుతుంటే ఈ ఏడో సున్నాను గమనించే మనిషికి బృందంలో గౌరవం వేరు.

ఉద్యోగ వేట గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. కార్ల కంపెనీలోకి నేరుగా ఫ్రెషర్‌గా వెళ్లేవాళ్లు తక్కువ. ఎక్కువమంది సర్వీసు కంపెనీలో చేరి, కార్ల కంపెనీకి పనిచేస్తారు. మొదటి ఏడాది, ఒక్కోసారి రెండో ఏడాది కూడా గళ్లు వేయడమే పని. విసుగ్గా ఉంటుంది. అయినా ఒక్కో రేకు ఎక్కడ మొదలై ఎక్కడ అతుకుతుందో కళ్లకు పట్టేది అప్పుడే. ప్రమాదం ఏమిటంటే అక్కడే ఐదేళ్లు ఇరుక్కుపోవడం. మెషింగ్ పని ఏటికేడు ఆటోమేషన్ పాలవుతోంది, గళ్లు మాత్రమే వేయడం తెలిసినవాళ్ల చోటు ఇరుకవుతోంది. కాబట్టి చేరిన ఆరు నెలల్లోనే మీరు వేసిన నమూనా ఫలితం అడిగి చూడండి. "సార్, ఈ మోడ్‌లో ఎక్కడ వంగింది?" అని సీనియర్‌ను అడిగితే ఎవరూ కసురుకోరు. వీలైతే టెస్ట్ ల్యాబుకు పంపమని అడగండి. పుణెలోని ఏఆర్ఏఐ, మద్రాసు దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ లాంటి పరీక్షా కేంద్రాల్లో సుత్తి, సెన్సరు చేతబట్టిన అనుభవం దొరికితే వదులుకోవద్దు. పరీక్ష కూడా తెలిసిన విశ్లేషకులు అరుదు. డిప్లొమా పిల్లలకు ఈ ల్యాబులే అసలు దారి, ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టవచ్చు. మెకానికల్ చదివి ఫ్యాక్టరీ షిఫ్టులకు ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలు ఈ రంగాన్ని తప్పక చూడాలి, బెంగళూరు సీఏఈ బృందాల్లో వాళ్లున్నారు.

ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగే కన్సల్టెన్సీలకు పైసా ఇవ్వకండి. "రెండేళ్ల అనుభవం సర్టిఫికెట్టు మేమిస్తాం" అనేవాళ్ల గడప తొక్కకండి. ఈ రంగం చిన్నది, పీఎఫ్ ఖాతా చూసి నిజం తేల్చేస్తారు, దొరికితే ఉద్యోగమూ పరువూ రెండూ పోతాయి. ఏదైనా సీఏఈ కోర్సులో చేరేముందు ఒక్క మాట అడగండి: "చివర్లో పూర్తి బాడీకి స్టిఫ్‌నెస్, మోడ్స్ మా చేత చేయిస్తారా?" సూటిగా జవాబు రాకపోతే మీ ఫీజు మీ దగ్గరే ఉంచుకోండి.

షెడ్డులో ఉన్న అన్నదమ్ములకు కూడా ఈ లెక్కలు రోజూ పనికొస్తాయి. "అన్నా, ఎనభై దాటితే బండి అదరతా ఉంది" అని కస్టమరు వస్తే వెంటనే మౌంటింగులు విప్పవద్దు. అదురు దేన్ని బట్టి మారుతోందో ముందు తేల్చండి. చుట్టూ ఖాళీగా ఉన్న తిన్నని దారిలో, ఇంజిన్ ఆపకుండా, ఆ వేగం దగ్గర న్యూట్రల్‌లో వేయండి. అదురు అలాగే ఉంటే చక్రాలు, టైర్లు, హబ్బు. పోతే ఇంజిన్, మౌంటింగులు, ఎగ్జాస్టు. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర 2 మీటర్ల చుట్టుకొలత టైరు సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. ఫోనులో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, ఫోనును సీటు పట్టా మీద గట్టిగా బిగించి, పక్కన కూర్చున్న మనిషిని చూడమనండి. 11 హెర్ట్జ్ దగ్గర శిఖరం లేస్తే వీల్ బ్యాలెన్సింగ్ వైపు చూపు. ఆర్నెల్లు ఇలా నోటుబుక్కులో రాసుకున్న మెకానిక్, కంపెనీ సర్వీసు సెంటరు డయాగ్నొసిస్ పనికి ధైర్యంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

యాక్సిడెంటు బండి టింకరింగులో రూపం తెప్పించడంతో పని అయిపోదు. ఫ్యాక్టరీ వేసిన స్పాట్లను డ్రిల్లుతో తీశాక, తిరిగి వేసేటప్పుడు సంఖ్య తగ్గకూడదు. రెండు రేకుల మధ్య జిగురు ఉన్నచోట జిగురే పెట్టాలి. పిల్లర్లకూ ముందు సైడ్ మెంబర్లకూ గ్యాస్ మంట చూపించవద్దు, ఆ ఉక్కు వేడికి తన బలం పోగొట్టుకుంటుంది. కంపెనీ రిపేరు మాన్యువల్ ఏ పద్ధతి చెబితే అదే. తలుపు ఖాళీని మూలనుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలిచి, దెబ్బ తగలని పక్కతో పోల్చండి. ఫ్లోరు మీద నల్లని డ్యాంపింగ్ షీట్లు ఊడబెరికితే మళ్లీ వేయండి, రంధ్రాల రబ్బరు మూతలు ఒక్కటి కూడా మరిచిపోవద్దు.

మదనపల్లె టమాటా మార్కెట్టుకు క్రేట్లు మోసే లారీలకు, పికప్‌లకు బాడీ కట్టేవాళ్లకు ఇంకో సంగతి. కారులా కాక వీటికి కింద లాడర్ ఛాసీ ఉంటుంది. గుంతల దారిలో చక్రాలు నేల వదలకుండా ఉండటానికి ఆ ఛాసీ కొంత మెలితిరిగేలా ఉద్దేశపూర్వకంగానే చేస్తారు. దానిమీద గట్టి బాడీని ముందు నుంచి వెనక దాకా బిగించి వెల్డింగ్ చేస్తే, మెలి అంతా వెల్డు చివరల్లోకి చేరి, కొన్ని నెలలకే మూలల్లో పగుళ్లు వస్తాయి, క్యాబిన్‌లో మోత పెరుగుతుంది. వెనక గట్టిగా, ముందు వైపు స్ప్రింగు, రబ్బరు ఉన్న మౌంటింగులతో కొంత కదలిక వదిలి కట్టమని ఛాసీ కంపెనీలు బాడీ బిల్డర్ల పుస్తకంలో రాస్తాయి. డీలరును అడిగితే ఆ పుస్తకం చూపిస్తారు. ఛాసీ ఫ్లాంజ్‌కు రంధ్రం వేయకుండా, ఆ పుస్తకంలో బొమ్మ గీసిన చోట్లే బ్రాకెట్లు పెట్టండి. బస్సు బాడీ కట్టే షెడ్లయితే ఏఐఎస్-052 బస్సు బాడీ కోడ్ దగ్గర పెట్టుకోవాలి. కిటికీ నిలువు, పైకప్పు అడ్డదూలం, ఫ్లోరు అడ్డదూలం మూడూ ఒకే గీతలో పడి ఉంగరంలా మూసుకుంటేనే బాడీ నిలుస్తుంది. నిలువు ఒకచోట, అడ్డదూలం బెత్తెడు పక్కన పడితే మధ్యలో ఉన్న ఆ బెత్తెడు గొట్టమే వంగుతుంది, కిటికీ అద్దాలు గలగలలాడేది అక్కడినుంచే.